నమాజు మొదలుపెట్టక ముందే నువ్వు మంచివాడివి అన్నయ్యా

ప్రశ్న: అస్సలాము అలైకుం అన్నా. రెండేళ్ళ కిందటి వరకు నేను పేరుకే ముస్లింని. ఇప్పుడు అల్‌హందులిల్లాహ్ ఐదు పూటలా నమాజు చేస్తున్నాను, ఖుర్ఆన్ అర్థంతో చదువుతున్నాను, బయాన్లు (ప్రసంగాలు) వింటున్నాను. కానీ అప్పటినుంచీ ఎవరిని చూసినా నాకు ముందు వాళ్ళ తప్పే కనపడుతోంది. నాన్న నమాజులో సజ్దాలు (నేలకు నుదురు ఆనించడం) హడావుడిగా చేసేస్తారు. మా బావ ఖుర్ఆన్ తప్పుగా చదువుతుంటే నలుగురిలో సరిదిద్దాను, ఆయన మళ్ళీ మా ఇంటికి రాలేదు. మా బాబాయి కొడుకు దీన్ (ధర్మం) గురించి పెద్ద పెద్ద మాటలు చెబుతుంటాడు. అనుమానం వచ్చి వాడి పాత పోస్టులన్నీ వెతికితే ఏదో పార్టీలో గ్లాసు పట్టుకుని ఉన్న ఫోటో ఒకటి దొరికింది. ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అందరూ వాడిని వదిలేసి నన్నే తిట్టారు. మా చెల్లెలైతే 'నమాజు మొదలుపెట్టక ముందే నువ్వు మంచివాడివి అన్నయ్యా' అంది. ఆ మాటకి రెండు రోజులు నిద్ర పట్టలేదు. నేను అబద్ధం చెప్పలేదు కదా అన్నా? చెడును చూసి ఊరుకుంటే రేపు అల్లాహ్ నన్ను అడగడా?

జవాబు: వఅలైకుం అస్సలాం తమ్ముడూ.

మీ చెల్లెలు అన్న మాట దాచకుండా రాశావు చూడు, అక్కడే నీ మీద నాకు నమ్మకం కలిగింది. తప్పులెంచే జబ్బు బాగా ముదిరినవాడు ఆ మాట రాయడు. ఒకవేళ రాసినా, చూశారా మా చెల్లెలి ఈమాన్ (విశ్వాసం) ఎంత బలహీనంగా ఉందో అని రాస్తాడు. నీకు నిద్ర పట్టలేదు కాబట్టి నీతో సూటిగా మాట్లాడొచ్చు అనుకుంటున్నాను. కొంచెం గట్టిగా తగిలితే ఏమీ అనుకోకు.

ముందు నీ చివరి ప్రశ్న తీసుకుంటాను, ఎందుకంటే నువ్వు చేసిందంతా దాని మీదే నిలబడి ఉంది. మీలో ఎవరైనా చెడును చూస్తే చేత్తో మార్చాలి, చేతకాకపోతే నోటితో, అదీ చేతకాకపోతే మనసులో అసహ్యించుకోవాలి, అది ఈమాన్‌లో అన్నిటికన్నా బలహీనమైన స్థాయి అన్న హదీసు (ప్రవక్త మాట) నీ మనసులో ఉందని నాకు తెలుస్తోంది. అబూ సయీద్ ఖుద్రీ (రజి) చెప్పిన హదీసు, సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది, అందులో ఏ సందేహమూ లేదు. కానీ ఆ హదీసు మొదటి మాట ఒక్కసారి మళ్ళీ చదువు. 'మన్ రఆ'. ఎవరైతే చూశారో అని. వెతికినవాళ్ళు అని లేదు, తవ్వి తీసినవాళ్ళు అని లేదు. నీ కళ్ళెదుట జరిగేదానికి నీ బాధ్యత ఉంది. మీ బాబాయి కొడుకు ఫోటో నీ కళ్ళెదుటికి దానంతట అది రాలేదు తమ్ముడూ, ఎన్నేళ్ళ వెనక్కి పోయి పోస్టు తర్వాత పోస్టు తోడుకుంటూ వెళ్ళి దాన్ని పట్టుకొచ్చావు. ఆ పనికి ఖుర్ఆన్‌లో వేరే పేరుంది.

ఖుర్ఆన్‌లో సూరా (అధ్యాయం) హుజురాత్ తీసి 11, 12 ఆయతులు (వాక్యాలు) చదువు, పద్దెనిమిది ఆయతుల చిన్న సూరానే. పన్నెండో ఆయతులో మూడు విషయాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఎక్కువ అనుమానాలకు దూరంగా ఉండండి, కొన్ని అనుమానాలు పాపం. కూపీలు లాగకండి. ఒకరి గురించి ఒకరు వెనక చెడుగా మాట్లాడుకోకండి. ఆ వరుస ఎంత సరిగ్గా ఉందో నీ విషయంలోనే చూడు. మొదట నీకు అనుమానం వచ్చింది, ఆ అనుమానం నిన్ను కూపీ లాగడానికి పంపింది, దొరికినదాన్ని తెచ్చి గ్రూపులో పెట్టావు. మూడు మెట్లూ దిగావు. కూపీ లాగడానికి అక్కడ ఉన్న మాట తజస్సుస్, మనం గూఢచారిని జాసూస్ అంటామే, అదే ధాతువు. అన్న చెప్పిన తర్వాత నీకు ఆ పదం వింటే ఒళ్ళు జలదరించాలి, నాకు జలదరిస్తుంది.

సహాబాలు (ప్రవక్త సహచరులు) దీన్ని ఎలా అర్థం చేసుకున్నారో ఒక్క సంఘటన చాలు. అబ్దుల్లా ఇబ్ను మస్‌ఊద్ (రజి) దగ్గర ఒక మనిషి సంగతి వచ్చింది, గడ్డం నుంచి సారాయి కారుతోంది అన్నారు. ఆయన ఏమన్నారంటే, కూపీలు లాగడం మనకు నిషేధించబడింది, మన ముందు ఏదైనా బయటపడితే మాత్రం దాన్ని పట్టించుకుంటాం. అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది ఇది. గడ్డం నుంచి కారుతోందని చెప్పినా ఆయన అన్న మాట అది. నీ దగ్గర ఉన్నది ఒక పాత ఫోటో, అందులో ఒక గ్లాసు, ఆ గ్లాసులో ఏముందో నీకూ తెలియదు నాకూ తెలియదు. అనుమానం మాటల్లోకెల్లా పెద్ద అబద్ధం అన్నారు ప్రవక్త (స), బుఖారీ, ముస్లిం రెండింట్లోనూ ఉన్న హదీసు.

సరే, అందులో ఉన్నది నిజంగా మద్యమే అనుకుందాం. ఆ వయసులో వాడు తాగాడు, తర్వాత మానేశాడు, తౌబా (పశ్చాత్తాపం) చేసుకున్నాడు, ఇప్పుడు దీన్ గురించి నాలుగు మంచి మాటలు చెబుతున్నాడు. ఇలా ఆలోచించడానికి నీకు ఎందుకు కుదరలేదు? నువ్వూ రెండేళ్ళ కిందటి వరకు పేరుకే ముస్లింని అని నువ్వే రాశావు. నీ మూడేళ్ళ కిందటి ఫోటోలు ఎవరైనా తవ్వి గ్రూపులో పెడితే ఏమంటావు, అప్పటి నేను వేరు ఇప్పటి నేను వేరు అనవా. ఆ అవకాశం నీకు ఇచ్చుకున్నావు, వాడికి ఇవ్వలేదు. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇక 'నేను అబద్ధం చెప్పలేదు కదా' అన్న మాట. ఈ మాట ఒక్కటి పట్టుకుని మనం ఎంతమంది మాంసం తినేశామో. ప్రవక్త (స) ఒకసారి గీబత్ అంటే ఏమిటో తెలుసా అని సహాబాలను అడిగారు. అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకే బాగా తెలుసు అన్నారు వాళ్ళు. నీ సోదరుడికి ఇష్టం లేని విషయం అతని గురించి చెప్పడం అన్నారాయన. అప్పుడు ఒకరు అచ్చం నీ ప్రశ్నే అడిగారు, నేను చెప్పింది అతనిలో నిజంగానే ఉంటే? దానికి జవాబు, ఉంటే నువ్వు చేసింది గీబత్, లేకపోతే చేసింది అపనింద. అంటే నిజం కావడం అనేది నీకు మినహాయింపు ఏమీ ఇవ్వదు, గీబత్ అనిపించుకోవడానికే అది నిజమై ఉండాలి. అబద్ధమైతే ఇంకా పెద్ద నేరం, దాని పేరు బుహ్తాన్. పన్నెండో ఆయతులో చచ్చిన సోదరుడి మాంసం తినడం అన్న పోలిక వచ్చింది ఆ నిజాల గురించే. వాడు గ్రూపులో ఉన్నాడు కాబట్టి వెనక మాట్లాడినట్టు కాదు అని నీకు ఒక ఆలోచన రావచ్చు, వస్తుందని నాకు తెలుసు, ఎందుకంటే ఇలాంటి సందులు వెతకడంలో మన నఫ్స్ (లోపలి మనసు) చాలా తెలివైనది. అలా అయితే పదకొండో ఆయతు దగ్గర ఆగు. ఎగతాళి చేయకండి, దెప్పిపొడవకండి, మారుపేర్లు పెట్టకండి అని ఉంది అక్కడ. దెప్పిపొడవకండి అన్నచోట అరబీలో ఉన్న మాటకు సరైన అర్థం 'మిమ్మల్ని మీరు దెప్పిపొడుచుకోకండి' అని. ఇంకొకరిని పొడవడాన్ని నిన్ను నువ్వే పొడుచుకోవడం అంటోంది ఖుర్ఆన్. కుటుంబంలో వాడి పరువు పోయిందని నువ్వు అనుకున్నావు, అందరూ తిట్టింది మాత్రం నిన్ను.

ఇంకొకటి చెప్పాలి. ప్రవక్త (స) కాలంలో మాఇజ్ అనే ఆయన ఒక పెద్ద పాపం చేస్తే, హజ్జాల్ అనే మనిషి వెళ్ళి ప్రవక్త దగ్గర ఒప్పుకోమని ఆయనను పంపించారు. హజ్జాల్ చెడు ఉద్దేశంతో పంపలేదు. అయినా ప్రవక్త (స) ఆయనతో, నీ వస్త్రంతో అతన్ని కప్పి ఉంటే నీకు మేలుగా ఉండేది అన్నారు. రుజువైన పాపం విషయంలో, పాపం చేసినవాడే స్వయంగా ఒప్పుకున్న విషయంలో ఆ మాట అన్నారు. ఒక ముస్లిం లోపాన్ని కప్పినవాడి లోపాన్ని ఇహంలోనూ పరంలోనూ అల్లాహ్ కప్పుతాడన్న హదీసు నువ్వు విని ఉంటావు. దాని అవతలి వైపు కూడా హదీసులో ఉంది, దాన్ని మాత్రం మనం ఎక్కువగా చెప్పుకోం: ముస్లింల లోపాల వెంట పడేవాడి లోపాల వెంట అల్లాహ్ పడతాడు, తన ఇంట్లో కూర్చుని ఉన్నా సరే బయటపెడతాడు. ఈ హదీసు మొదలయ్యేది ఎవరిని పిలుస్తూనో తెలుసా? 'నోటితో విశ్వసించి, హృదయంలోకి ఇంకా ఈమాన్ దిగనివాళ్ళారా' అని.

దీన్‌లోకి వచ్చాక ఇలా ఎందుకు అయ్యానని నీకు అనిపిస్తోంది కదా. నువ్వొక్కడివే కాదు, కొత్తగా నమాజు పట్టుకున్న చాలామందికి జరిగేదే ఇది. నిన్నటిదాకా తెలియని కొలతలు చేతికి వచ్చాయి. సజ్దా ఎంతసేపు ఉండాలి, ఏ అక్షరం ఎక్కడ నుంచి పలకాలి, అన్నీ తెలిసిపోయాయి. కొలబద్ద చేతికి రాగానే మనిషి ముందు పక్కవాడినే కొలుస్తాడు, తనను కొలుచుకోవాలంటే వంగాలి కదా. నాకూ జరిగింది. తజ్వీద్ (ఖుర్ఆన్‌ను సరిగ్గా పలికే పద్ధతి) నేర్చుకుంటున్న రోజుల్లో ఒక ఇమాం సాహెబు వెనక నిలబడి ఆయన ఎక్కడ సాగదీయాలో అక్కడ సాగదీయలేదని లెక్కపెడుతూ పోయాను, సలాం తిప్పి నమాజు ముగించాక చూసుకుంటే నేను ఎన్ని రకాతులు (నమాజు భాగాలు) చేశానో నాకే గుర్తు లేదు. ఆయన నమాజు ఆయనకు అయింది. నాది ఏమైందో అల్లాహ్‌కే తెలియాలి.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. ఇక్కడ నీది పూర్తిగా తప్పు అని నేను అనను. హడావుడి నమాజు చిన్న విషయం కాదు. ఒకాయన మస్జిద్‌లోకి వచ్చి గబగబా నమాజు చేసి ప్రవక్త (స) దగ్గరికి వచ్చి సలాం చెబితే, ఆయన జవాబు సలాం చెప్పి, వెళ్ళి మళ్ళీ చెయ్యి, నువ్వు నమాజు చేయలేదు అన్నారు. మూడుసార్లు అలా జరిగింది. చివరికి ఆ మనిషి, నాకు ఇంతకన్నా బాగా చేయడం రాదు, నేర్పండి అన్నాడు. అప్పుడు రుకూలో (వంగినప్పుడు) కుదురుగా ఉండు, సజ్దాలో కుదురుగా ఉండు అంటూ ఒక్కొక్కటీ నేర్పారు. కాబట్టి సరిదిద్దడం సున్నతే, అంటే ప్రవక్త పద్ధతే. కానీ ఆ సంఘటనలో మాట నేరుగా చేసినవాడితోనే జరిగింది. అతను నేర్పమని అడిగేదాకా ఆగారు. వీడికి నమాజు రాదని పక్కవాళ్ళతో చెప్పలేదు.

పైగా ఇక్కడ ఉన్నది నాన్న. కొడుకు తండ్రికి చెప్పడం ఎలాగో నేర్చుకోవాలంటే సూరా మర్యం తీయి, 42 నుంచి 45 దాకా. ఇబ్రాహీం (అలైహిస్సలాం) తండ్రితో మాట్లాడిన మాటలు. నాలుగు ఆయతులు, నాలుగింట్లోనూ మొదటి మాట 'యా అబతి', నాన్నా, నా ప్రియమైన నాన్నా అని. ఆ తండ్రి విగ్రహారాధకుడు. మీ నాన్నగారు అల్లాహ్ ముందు తల వంచుతున్న మనిషి, కాకపోతే త్వరగా లేస్తున్నారు, అంతే తేడా. బహుశా మోకాళ్ళ నొప్పేమో, అడిగావా ఎప్పుడైనా? నాకెందుకో అడిగి ఉండవు అనిపిస్తోంది. ఒక పని చెయ్యి. ఆయన పక్కన నిలబడి నువ్వు నిదానంగా నమాజు చెయ్యి, ఆయన చూస్తారు. ఎప్పుడైనా ఇద్దరే కూర్చున్నప్పుడు, నాన్నా, సజ్దాలో కుదురు గురించి ఒకటి చదివాను, మీకు తెలుసా అని ఆ గబగబా నమాజు చేసిన ఆయన సంగతి చెప్పు. చెప్పి ఊరుకో. మర్నాడు పొద్దున ఫజ్ర్‌లో ఆయన సజ్దా ఎంతసేపు ఉందో లెక్కపెట్టకు.

బావ విషయం పొడుగ్గా చెప్పను, నీకే అర్థమైపోయింది. నలుగురిలో అంటే అది నసీహత్ (మేలు కోరి చెప్పే మాట) కాదు, అవమానం. ఎవరిలోనైనా తప్పు కనపడితే ప్రవక్త (స) మింబర్ (మస్జిద్‌లో ప్రసంగ వేదిక) మీద నుంచి కూడా పేరు తీయకుండా, కొందరికి ఏమైంది, ఇలా చేస్తున్నారు అని మాత్రమే అనేవారు. ఒక పల్లెటూరి మనిషి వచ్చి మస్జిద్‌లోనే మూత్రం పోస్తుంటే సహాబాలు కోపంగా లేచారు, ఆయన మాత్రం వదిలేయండి, పూర్తి కానివ్వండి అన్నారు, ఆ తర్వాత ఒక బకెట్ నీళ్ళు పోయించారు. అంతకన్నా కళ్ళెదుట కనపడే తప్పు ఇంకేముంటుంది చెప్పు. బావ ఒక అక్షరం తప్పు పలికాడు. బావ దగ్గరికి నువ్వే వెళ్ళు, ఆయన వచ్చేదాకా ఆగకు.

ఇంట్లో ఉన్న మిగతావాళ్ళ గురించి ఒక్క హదీసు చెప్పి ఊరుకుంటాను. అనస్ (రజి) పిల్లవాడిగా వచ్చి పదేళ్ళు ప్రవక్త (స)కు సేవ చేశారు. ఆ పదేళ్ళలో నన్ను ఒక్కసారి కూడా 'ఉఫ్' అనలేదు, చేసినదానికి ఎందుకు చేశావని గానీ, చేయనిదానికి ఎందుకు చేయలేదని గానీ అడగలేదు అంటారు. పనిలో ఉన్న పిల్లవాడు అన్నాక పదేళ్ళలో ఎన్ని పొరపాట్లు చేసి ఉంటాడో నువ్వే ఊహించుకో. మరి ఈ రెండేళ్ళలో మీ చెల్లెలిని నువ్వు ఎన్నిసార్లు 'ఉఫ్' అన్నావు?

నసీహత్‌కీ తప్పులెంచడానికీ తేడా ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతుంటారు. నేను నా మీద వాడే పరీక్ష ఒకటే ఉంది, చాలా మొరటుది, కానీ పని చేస్తుంది. ఫలానావాడి గురించి నేను అనుకున్న తప్పు నిజం కాదని తేలింది అనుకో, ఆ క్షణంలో నాకు ఏమనిపించింది? హమ్మయ్య అనిపిస్తే నాకు వాడి మేలు కావాలి. అయ్యో ఇంతేనా అని లోపల ఎక్కడో చప్పగా అనిపిస్తే నేను కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నాను. ఆ ఫోటోలో ఉన్నది మంచినీళ్ళని రేపు తెలిస్తే నీకేమనిపిస్తుందో, నాకు చెప్పక్కర్లేదు.

ఇంతా చెప్పానని అన్నీ కప్పేయాలి, నోరు మూసుకోవాలి అని తీసుకోకు, అది ఇంకో రకం ప్రమాదం. ఒకడు ఇంట్లో వాళ్ళను కొడుతుంటే, ఎవరి డబ్బో మోసం చేస్తుంటే, పిల్లలకు హాని చేస్తుంటే దాన్ని కప్పడం జులుంకి సాయం చేయడమే. గీబత్ కాని సందర్భాలను ఉలమాలు (ధర్మ పండితులు) వివరంగా రాశారు, ఇమాం నవవీ ఆరు లెక్కపెట్టారు. అన్యాయం జరిగినవాళ్ళు ఫిర్యాదు చేయొచ్చు. అబూ సుఫ్యాన్ పిసినారి, ఇంటి ఖర్చుకు సరిపడా ఇవ్వడని ఆయన భార్య హింద్ (రజి) ప్రవక్త (స)కే చెప్పారు, నీకూ నీ పిల్లలకూ సరిపోయినంత న్యాయంగా తీసుకో అన్నారాయన. పెళ్ళి సంబంధం గురించి అడిగితే తెలిసినది చెప్పాలి. ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనను అడుగుతున్న ఇద్దరి గురించి అడిగితే, ఒకరు కర్ర దించని (కొట్టే) మనిషి, ఇంకొకరికి ఆస్తి లేదు అని ప్రవక్త (స) ఉన్నదున్నట్టు చెప్పి, ఉసామా అనే మూడో ఆయనను చేసుకోమన్నారు. వీటన్నిట్లో ఎవరికో ఒకరికి హాని తప్పించే అవసరం ఉంది, చెప్పింది కూడా అవసరమైన మనిషికి, అవసరమైనంత వరకే. నీ ఫోటో వల్ల ఎవరికి ఏ హాని తప్పింది?

ఇక చేయాల్సిన పని. ఒకరి పరువుకు నష్టం చేసినవాడు దీనార్లూ దిర్హములూ పనికిరాని రోజు రాకముందే వాళ్ళతో తేల్చుకోవాలని బుఖారీలో ఉంది. మనం వెనక మాట్లాడిన సంగతి అవతలివాళ్ళకు అసలు తెలియకపోతే, పనిగట్టుకుని వెళ్ళి చెప్పి మనసు విరిచే కన్నా, వాళ్ళ కోసం దుఆ చేసి, ఎక్కడ చెడుగా మాట్లాడామో అక్కడే మంచిగా చెప్పడం మేలని చాలామంది ఉలమాలు అన్నారు. నీకు ఆ దారి లేదు తమ్ముడూ, వాడు చూశాడు. కాబట్టి వాడికి ఫోన్ చెయ్యి, మెసేజ్ కాదు, ఫోన్. 'నీ పాత పోస్టులు వెతకడం నా తప్పు, పెట్టడం ఇంకా పెద్ద తప్పు, మాఫ్ చెయ్యి' అను. అంతే. 'నువ్వు కూడా కొంచెం చూసుకో' అని చివర్లో తగిలించకు, ఆ ఒక్క ముక్కతో మొత్తం పాడైపోతుంది. వాడు తిడితే తిట్టనివ్వు. ఎక్కడ వాడి పరువు తీశావో అదే గ్రూపులో రెండు వాక్యాలు రాయి, ఫోటో గురించి మళ్ళీ వివరించకుండా, తప్పు నాదే అని.

ఇమాం గజాలీ తన లోపాలు తెలుసుకోవడానికి మనిషికి ఉన్న దారులు చెబుతూ, ఒక మంచి గురువు, నిజం చెప్పే స్నేహితుడు, ఆఖరికి శత్రువు నోరు కూడా పనికొస్తాయంటారు. నీకు గురువు లేకపోయినా, ఇంట్లోనే ఒకరున్నారు. మీ చెల్లెలి దగ్గరికి వెళ్ళి, ఆ రోజు అలా అన్నావు కదా, ఇంకా ఏమేం చూశావో చెప్పు అని అడుగు. మధ్యలో ఆపకుండా వినగలిగితే ఆ తర్వాత నాకు మళ్ళీ రాయి.

ఆ ఫోటో ఇంకా గ్రూపులో ఉంటే మాత్రం, ఇవన్నీ తర్వాత, ముందు దాన్ని తీసెయ్యి.